ఏడు నిలువు ఖాళీ

జూన్ 2, ఆదివారం

నా ఆధారం మీద ఎవడో చెయ్యి వేశాడు.

గళ్ళ పజిల్‌కి నేను రాసి పంపింది: "తల తిరిగితే చేతికి తీగ దొరికింది (2)". ఈ రోజు పేపర్లో పడింది: "తల తిరగేస్తే తీగ (2)". జవాబు 'లత' అని పలక పట్టిన పిల్లాడు కూడా చెప్తాడు, అది కాదు గొడవ. కళ్ళు తిరిగి పడబోతున్న మనిషి చేతికి ఆఖరి నిమిషంలో తీగ అందే బొమ్మ ఒకటి కనపడాలని రెండు రోజులు కూర్చుని చెక్కాను. దాన్ని చాకలి పద్దులా చేసి అచ్చేశారు.

తొమ్మిదేళ్ళుగా ఆదివారం పేజీలో 'గుడ్లగూబ' పేరుతో గళ్ళ పజిల్ కూరుస్తున్నాను. సంగతి మా ఆవిడకీ, పేపరాఫీసులో సబ్‌ఎడిటర్‌కీ తప్ప మూడో మనిషికి తెలియదు. దర్జీ కొట్టు వెనక గదిలో బల్ల చుట్టూ చేరేవాళ్ళకి అసలే తెలియదు. పదింటికి వాళ్ళతో పాటు నేనూ నా పేపరు విప్పుతాను. అరగంట ఎవరి కాయితం మీద వాళ్ళు, మాటల్లేకుండా. నేనూ తల గోక్కుంటాను. కావాలని రెండు తప్పులు రాస్తాను. అరగంట అయ్యాక అందరూ కలిసి గుడ్లగూబని తిట్టడం మొదలుపెడతారు, నేను శ్రుతి కలుపుతాను. ముప్పై రెండేళ్ళు బస్సు డిపోలో టైమ్ కీపర్‌గా చేసినవాడికి ఇదేం పెద్ద విద్య కాదు. నలభై నిమిషాలు లేటుగా వచ్చిన డ్రైవరు నాలుగో టైరు పంక్చరంటాడు, వాడి వెనక కండక్టరు రెండో టైరంటాడు. ఇద్దరినీ నమ్మినట్టు తల ఊపి, ఇద్దరి పేరా రాసేవాణ్ణి. మొహం అన్నది మనం చెప్పినట్టు వినాలి, అంతే.

ఈ రోజు దర్జీ ఒక కొత్త మనిషిని తెచ్చాడు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైందట. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చి, బల్ల మీద పేపరు చూసి, నిలబడే నాలుగు జవాబులు చెప్పిందట.

"పెన్సిల్ ఇమ్మంటారా అమ్మా?" అన్నాడు మా బల్ల దగ్గరి డ్రిల్ మాస్టారు.

"ఎందుకండీ? తుడిచే పని ఉన్నవాళ్ళకి కదా అది" అని సంచీలోంచి పెన్ను తీసింది.

తొమ్మిది అడ్డం, "ఎటు తిరిగినా వెనకే ఉంటుంది (3)". మడమ. అందరూ బాగుందన్నారు. ఆవిడ మాత్రం, "ఈ గుడ్లగూబ ఎవరో గానీ పని వచ్చు. బద్ధకమూ వచ్చు. ఒక మంచిది రాసి, దాని పక్కన నాలుగు పుల్లలు విరిచి పడేస్తాడు. ఇంట్లో అడిగేవాళ్ళు లేరనుకుంటా" అంది.

నేను నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వాను.

జూన్ 3, సోమవారం

సబ్‌ఎడిటర్‌కి ఫోను. ఆ అబ్బాయి నవ్వుతూనే మాట్లాడతాడు, అదే నాకు కిట్టదు.

"మూడు నెలల నుంచి ఒకరి చేత చూపిస్తున్నాం సార్. తప్పులు పడుతున్నాయని పాఠకులు రాస్తున్నారు. వాళ్ళల్లో ఒకరే నలభై ఉత్తరాలు రాశారు. సరే, మీరే అచ్చుకి ముందు చూసి పెట్టండి అన్నాం."

"ఎవరతను?"

"పేరు చెప్పనన్న షరతు మీదే ఒప్పుకున్నారు సార్. మీలాగే."

మూడు నెలల నుంచి ఎర్ర పెన్ను తిరుగుతోంది, నేను చూసుకోలేదు. నా ఆధారాలు అచ్చయ్యాక ఒకసారి మురిసిపోవడమే గానీ సరిచూసుకునే అలవాటు లేదు.

జూన్ 9, ఆదివారం

ఆ ఆపరేటరమ్మ మళ్ళీ వచ్చింది. కంపౌండర్ కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి, ఎవరు కూర్చున్నా కుంటుతుంది. ఆరేళ్ళుగా దాంట్లో కూర్చున్నవాడు లేడు.

"ఈ కుర్చీ ఎవరిది?" అని అడిగింది. అడక్కపోతే బాగుండేది. డ్రిల్ మాస్టారికి పాత కథ చెప్పమంటే విజిల్ ఊదినట్టే.

"దొంగదమ్మా! ఎదురు వరసలో మందుల షాపు లేదూ, ఆ కంపౌండర్ ఇక్కడే కూర్చునేవాడు. ఒక ఆదివారం ఇరవై నిమిషాల్లో గళ్ళన్నీ నింపేశాడు. ఇరవై! నాకప్పటికి మూడొచ్చాయి. మన డిపో పట్టేశాడు, ఇదిగో ఈయనే. కంపౌండర్ మేనల్లుడు పేపరు అచ్చేసే చోట మెషీను మీద పని చేస్తున్నాడని కూపీ లాగాడు. ముందే చూసి వచ్చి రాశాడన్నమాట. 'ముందు చూసినవాడు లేవాలి' అన్నాడు డిపో. అప్పటి నుంచి అదే మన రూలు."

"ఆయన ఏమన్నారు?"

"ఏమంటాడు? లేచాడు. వెళ్ళిపోయాడు. ఇప్పటికీ ఇటు వైపు ఫుట్‌పాత్ మీద నడవడు."

"చూడలేదని చెప్పలేదా?"

"చెప్పాడు" అన్నాడు దర్జీ, తల ఎత్తకుండా. "రెండు సార్లు చెప్పాడు."

దర్జీ మెత్తటి మనిషి. మెత్తటివాళ్ళతో వచ్చిన చిక్కే ఇది, రుజువైన విషయం కూడా వాళ్ళ నోట్లో నానుతూ ఉంటుంది.

ఆవిడ ఊరుకోలేదు. అయిపోయిన కాయితాలన్నీ దర్జీ గోడకున్న తీగకి గుచ్చి ఉంచుతాడు, బిల్లుల్లాగా. పక్క మేకుకి పాతవాటి కట్టలు. "ఆ రోజుది ఉంటుందా?" అంది. ఉంటుందన్నాడు. వెతుకుతూ ఉండిపోయారిద్దరూ. నేను వచ్చేశాను, ఎండ ముదురుతోంది.

జూన్ 10

కంపౌండర్ చూసే రాశాడు.

జూన్ 12, బుధవారం

బీపీ మాత్రలు అయిపోయాయి. మా ఆవిడ చేతికి సంచీ ఇచ్చాను.

"ఎదురుగానే కదా షాపు, మీరే వెళ్ళొచ్చుగా?" అంది. ఆరేళ్ళుగా నెలకోసారి ఇదే ప్రశ్న.

"మోకాలు."

"అవును, రోడ్డుకి అటు వైపు మోకాలు. దర్జీ కొట్టు వైపు మటుకు పరుగు" అని వెళ్ళింది. తిరిగొచ్చి మాత్రలు బల్ల మీద పెట్టి, "మీ ఆరోగ్యం ఎలా ఉందని ఈ నెలా అడగలేదు. లెక్కగా మాత్రలు ఇచ్చాడు, అంతే" అంది. అడగమని నేను చెప్పానా?

కంపౌండర్ చూసే రాశాడు. మేనల్లుడు మెషీను మీద ఉన్నాడు. ఇరవై నిమిషాలు.

జూన్ 16, ఆదివారం

ఈ రోజు నోరు జారింది. ఎలా జారిందో వివరంగా రాసుకుంటాను, మళ్ళీ జారకుండా.

పన్నెండు నిలువు, కునుకు. ఎటు నుంచి చదివినా అదే మాట కాబట్టి దాని మీద ఒక ఆధారం కట్టాను. నా జీవితంలో కట్టినవాటిలో అది మొదటి పదింట్లో ఉంటుంది. అరగంట మౌనంలో నేను పేపరు చదవనే లేదు. ఎందుకు చదువుతాను? జవాబులు చేతికొచ్చు. గళ్ళు నింపి, రెండు తప్పులు పెట్టి, కిటికీలోంచి కాకిని చూస్తూ కూర్చున్నాను.

అరగంట అయ్యాక డ్రిల్ మాస్టారు మొదలుపెట్టాడు. "పన్నెండు నిలువు ఏంటయ్యా, మరీ ఉప్పూ కారం లేకుండా? గుడ్లగూబకి వయసైపోయింది."

నాకు మండింది. "ఏం, బాగాలేదా? 'ఎటు తిరిగి పడుకున్నా కాసేపే'! పక్క మీద దొర్లే మనిషి కళ్ళకి కట్టడం లేదూ? నిద్ర అన్న మాట వాడకుండా నిద్ర చెప్పాడు. నువ్వు ఇలాంటిది ఒకటి రాయి చూద్దాం!"

డ్రిల్ మాస్టారు నన్ను చూసి, పేపరు చూసి, "అలా ఎక్కడుందయ్యా?" అన్నాడు.

పేపర్లో ఉన్నది: "ఎటు నుంచి చదివినా చిన్న నిద్ర (3)".

"కళ్ళజోడు మార్చాలి బాబాయ్" అన్నాడు దర్జీ, పాపం. ఇద్దరూ నవ్వారు. డ్రిల్ మాస్టారు నా వీపు తట్టి, "మనవాడు చదవడం మానేసి ఊహించుకుంటున్నాడు" అన్నాడు. నేనూ నవ్వాను, కళ్ళజోడు తుడిచాను, అవునవును అన్నాను. గండం గడిచింది.

ఆపరేటరమ్మ నవ్వలేదు. పెన్నుకి టోపీ పెట్టి, సంచీలో వేసుకుని, పావుగంట ముందే లేచి వెళ్ళింది.

జూన్ 17, సోమవారం

ఆవిడ గమనించలేదు. జాకెట్ల గొడవలో ఉండి ఉంటుంది.

జూన్ 19, బుధవారం

బస్టాపు దగ్గర బెంచీ మీద ఉంది. రిటైరయ్యాక కూడా సాయంత్రం ఒకసారి అక్కడికి వెళ్ళి, మూడో నంబరు ఎన్ని నిమిషాలు లేటో చూసి వస్తుంటాను. ఎవరికీ రాసి ఇవ్వక్కర్లేదు, అయినా చూడాలి. ఈ అలవాటు ఆవిడకి దర్జీ చెప్పాడట. మెత్తటివాడు కదా, ఎవరు ఏది అడిగినా చెప్తాడు.

"కూర్చోండి అన్నయ్యగారూ. 'ఎటు తిరిగి పడుకున్నా కాసేపే' అన్నది రాసినవాడికి తెలుసు, కొట్టేసినదానికి తెలుసు. కొట్టేసింది నేను."

మూడో నంబరు వచ్చింది. ఎన్ని నిమిషాలు లేటో చూడలేదు.

"మీ చేతిరాత మూడు నెలలుగా చూస్తున్నాను. బల్ల దగ్గర మీ కాయితం చూడగానే అనుమానమొచ్చింది. ఒకేలా రాసేవాళ్ళు ఉంటార్లే అనుకున్నాను. మొన్న ఇక అనుకోవడానికి లేకపోయింది."

"అంత బాగున్నదాన్ని ఎందుకు కొట్టేశావమ్మా?" అన్నాను. నోట్లోంచి మొదట వచ్చింది అదే. చెప్పుకోవడానికి సిగ్గుచేటు.

"బాగుంది. కానీ 'కాసేపే' అంటే నిద్రే ఎందుకవ్వాలి? గురక కావచ్చు, కరెంటు కావచ్చు. సొంత బొమ్మ చూసుకుని మురిసిపోతారు మీరు. అవతల కూర్చున్నవాడికి దారి ఉందా లేదా అని చూడరు." అని సంచీలోంచి ఒక కాయితం తీసింది. ఆరేళ్ళ నాటిది, తీగ గుచ్చిన చిల్లు ఉంది. కంపౌండర్ రాత. మందు చీటీలు రాసి రాసి చీమల బారులా ఉంటుంది.

"ఏడు నిలువు చూడండి."

ఖాళీ.

"అన్నీ నింపి ఒకటి వదిలేశాడు. జవాబులన్నీ చూసి వచ్చినవాడు ఒకటి ఎందుకు వదులుతాడండీ? అది మాస్టారికి తట్టలేదు, దర్జీకి తట్టలేదు. కూర్చినవాడికి తట్టకుండా ఉంటుందా? ఆ రోజు మీరు ఈ కాయితం చూశారా?"

చూడలేదన్నాను.

"నేను ఆదివారం లేస్తాను. నేనూ ముందు చూసినదాన్నే కదా, మీ రూలు ప్రకారం. ముందు రూలు తెలియక కూర్చున్నాను, మొన్న మీ సంగతి తేల్చుకోవడానికి కూర్చున్నాను, ఇక కూర్చోను. మీ సంగతి మీ ఇష్టం. నేను చెప్పను. ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు జనం మాటలు విన్నాను, ఒక్కటి బయట పెట్టలేదు."

వెళ్ళిపోయింది. ఎంత పొగరు! చెప్తానని బెదిరించినా బాగుండేది.

జూన్ 20

చూశాను. ఆ రోజే చూశాను.

జూన్ 21, శుక్రవారం

మా ఆవిడకి చెప్పాను. ఆరేళ్ళ కిందట ఆ ముందు ఆదివారం కంపౌండర్ టీ తాగుతూ, "ఈ గుడ్లగూబ అచ్చం మన డిపో అన్నయ్యలాగే మాట్లాడతాడర్రా" అన్నాడు. సరదాకి అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఆ వారమంతా అన్నం సయించలేదు. ఇంకో రెండు వారాలు పోతే వాడు సరదా మానేసి నిజంగానే పోల్చి చూస్తాడు. మరుసటి ఆదివారం వాడు ఇరవై నిమిషాల్లో నింపాడు. మేనల్లుడి సంగతి నాకు ముందే తెలుసు, కొత్తగా కూపీ లాగింది ఏమీ లేదు. వాడి కాయితంలో ఏడు నిలువు ఖాళీగా ఉండడం చూశాను. చూసే దాని మీద నా చెయ్యి పెట్టి, "లే" అన్నాను.

మా ఆవిడ బట్టలు మడత పెడుతోంది. మడత ఆపలేదు. "నాకు తెలుసనుకున్నారా తెలియదనుకున్నారా?" అంది.

"నీకెలా తెలుసు?"

"మోకాలు రోడ్డుకి ఒక వైపే నొప్పెట్టదండీ."

జూన్ 23, ఆదివారం

ఆవిడ లేచింది. పేపరు విప్పకముందే నిలబడి, అచ్చుకి ముందు చూసేది తనేనని చెప్పి, నమస్కారం పెట్టి వెళ్ళింది. రెండు నిమిషాలు పట్టింది.

"మనిషంటే అదయ్యా!" అన్నాడు డ్రిల్ మాస్టారు. "ఎవరూ అడక్కుండానే! ఆ కంపౌండరూ ఉన్నాడు ఎందుకు?"

"ఇంకెవరన్నా ఉన్నారా బాబాయ్, ముందు చూసినవాళ్ళు?" అని దర్జీ నవ్వాడు. నేనూ నవ్వాను. పేపరు విప్పాను. అరగంట గళ్ళు చూశాను. ఒక్కటీ నింపలేకపోయాను. జవాబులు మరిచిపోయి కాదు.

జూన్ 24, సోమవారం

ఎవరికీ తెలియదు. ఆవిడ చెప్పదు.

జూన్ 30, ఆదివారం

చెప్పాను. గుడ్లగూబ నేనేనని, తొమ్మిదేళ్ళని, ఏడు నిలువు ఖాళీ అని.

డ్రిల్ మాస్టారు తన కాయితం బోర్లా తిప్పి పెట్టాడు. తర్వాత, "నా తప్పులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నావా తొమ్మిదేళ్ళు?" అన్నాడు. అదీ ఆయన బాధ. అది కూడా న్యాయమే.

దర్జీ మెత్తటివాడని ఎన్నిసార్లు రాశానో. నా కాయితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, నా చేతిలోనే పెట్టాడు. తీగకి గుచ్చలేదు. "నేను రెండు సార్లు విన్నాను బాబాయ్, చూడలేదని వాడు చెప్పడం. రెండు సార్లూ మీ మొహం వైపు చూశాను. మీ మొహంలో ఏమీ లేదు" అన్నాడు. నా కుర్చీ చూపించి, "లేవండి" అన్నాడు.

ఆ మొహం గురించే ఈ పుస్తకంలో గొప్పలు రాసుకున్నాను.

జూలై 1, సోమవారం

రోడ్డు దాటాను. మందుల షాపు ముందు నలుగురు ఉన్నారు. వాళ్ళయ్యాక నేను. కంపౌండర్ బాగా పలచబడ్డాడు, కళ్ళజోడు కొత్తది. కౌంటరు వెనక నుంచే, "ఏం కావాలి సార్?" అన్నాడు. ఒకప్పుడు అన్నయ్యా అనేవాడు.

"మాట్లాడాలి."

"చీటీ ఉందా?"

"లేదు."

"చీటీ లేకుండా ఏదీ ఇవ్వం సార్."

మెట్టు మీద నిలబడే చెప్పాను. అన్నీ చెప్పాను. నా వెనక ఒకావిడ బిడ్డని ఎత్తుకుని నిలబడింది, ఆవిడ కూడా విన్నది. వాడు మాత్రల అట్టలు కత్తిరిస్తూ విన్నాడు. అయ్యాక, "ఏడు నిలువు" అన్నాడు.

"అవును. దాని జవాబు..."

"చెప్పొద్దు." కత్తెర కింద పెట్టాడు. "మరుసటి వారం పేపరు నేను విప్పలేదు. జవాబు చూస్తే, చూసినవాణ్ణే అయిపోతానని. ఇప్పుడు మీ నోట వినడం కూడా నాకొద్దు."

మందుల కవరు ఒకటి లాగి దాని మీద రాశాడు. "పాము విప్పినది వెనక్కి తిరిగి ఇంటి ముందే ఉంది (3)." ఆరేళ్ళయినా నా ఆధారం అక్షరం పొల్లుపోకుండా! దాని కింద మూడు గళ్ళు గీశాడు. గ, డ, ప.

"మీరు నన్ను లేపేసిన నాలుగో రోజు తట్టింది, పొద్దున్నే షాపు తీస్తుంటే. చెప్పుకుందామంటే మనిషి లేడు." కవరు నా వైపు తోశాడు. "మీరే కదా కూర్చింది. చెప్పండి సార్, ఇదెక్కడ చూసి రాశాను?"

కవరు చేతిలోకి తీసుకుని అక్కడే నిలబడ్డాను.

"పక్కకి జరగండి. బిడ్డకి జ్వరం, ఆవిడ ఎంతసేపు నిలబడుతుంది?"

జూలై 3, బుధవారం

దర్జీ, డ్రిల్ మాస్టారూ కలిసి మందుల షాపుకి వెళ్ళారట. ఏం మాట్లాడుకున్నారో మా ఆవిడకి తెలుసు. నాకు చెప్పదట.

సబ్‌ఎడిటర్ ఫోను చేశాడు, వచ్చే నెల కూర్పులు పంపమని. ఎర్ర పెన్ను ఆవిడ చేతిలోనే ఉందా అని అడిగాను. ఉందన్నాడు. పీడా పోలేదు.

జూలై 7, ఆదివారం

పదిన్నరకి బయటికి వెళ్ళాను, పని ఏమీ లేదు. ఎదురు ఫుట్‌పాత్ మీద నడిచాను, వాడు ఆరేళ్ళు నడిచిన వైపు. అటు నుంచి దర్జీ కొట్టు పక్క సందూ, ఆ సందు చివర వెనక గది కిటికీ కనపడతాయి. ఇన్నేళ్ళూ వాడికి మేం కనపడుతూనే ఉన్నామన్నమాట.

బల్ల దగ్గర ముగ్గురున్నారు. కంపౌండర్ తన కుంటి కుర్చీలోనే కూర్చున్నాడు. దాని పొట్టి కాలి కింద దర్జీ గుడ్డ మడత పెట్టినట్టున్నాడు, కుంటడం లేదు. అరగంట అయింది కాబట్టి గుడ్లగూబని తిట్టే వేళ. ఇప్పుడు మనిషెవరో తెలిసింది కాబట్టి ఇంకా హాయిగా తిడుతున్నారు. "బుద్ధి ఎంత వంకరో గళ్ళూ అంత వంకర" అని డ్రిల్ మాస్టారి గొంతు రోడ్డు దాటి వినపడింది. నేను చెప్పులో రాయి పడ్డట్టు వంగాను.

అప్పుడు కంపౌండర్ పేపరు ఎత్తి పట్టుకుని పైకి చదివాడు. "ఆగండి, ఇది వినండి. మూడు అడ్డం. 'ఎటు నుంచి చూసినా వేషం వేషమే.' నటన! అబ్బ, ఏం కట్టాడ్రా! ఏదేమైనా ఈ ఒక్కదానికి మాత్రం గుడ్లగూబకి దణ్ణం పెట్టొచ్చు."

నేను పంపింది, "వెనక నుంచి కూడా నాటకమే (3)".

ఆ ఒక్కటీ నాది కాదు.